వాహన బ్యాటరీ వివాదాలు: కొలత, కాగితం, జవాబుదారీతనం

వాహనం మొరాయించడానికి ఉండే కారణాలలో బ్యాటరీ డౌన్ కావడం అతి సామాన్యమైనది. అయినా దాని చుట్టూ వాహనదారుకూ సర్వీస్ కేంద్రానికీ మధ్య పుట్టే వివాదం అంత సులభంగా తెగదు. టైరు పగిలితే కంటికి కనిపిస్తుంది, క్లచ్ ప్లేటు అరిగితే విప్పి చూపించవచ్చు. బ్యాటరీ సంగతి వేరు: రాత్రి బాగున్న పెట్టె తెల్లవారేసరికి చచ్చుపడి, పక్క బండి నుంచి కేబుల్ తగిలించగానే లేచి, సర్వీస్ కేంద్రానికి చేరేసరికి ఏ రోగమూ లేనట్టు ప్రవర్తించగలదు. అందుచేత "సెల్ఫ్ తీసుకోవడం లేదు" అని వాహనదారు చెప్పే మాటకూ, "చెక్ చేశాం, బాగానే ఉంది" అని సర్వీస్ అడ్వైజర్ రాసే మాటకూ మధ్య పూడ్చడం కష్టమైన ఖాళీ ఏర్పడుతుంది. బ్యాటరీ ఎందుకు పాడవుతుంది, దాని లోపాన్ని ఎలా నిర్ధారించాలి, వారంటీ వ్యవస్థ ఎక్కడ చేతులెత్తేస్తుంది, చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది అన్న నాలుగు ప్రశ్నలనూ కలిపి చూస్తే తప్ప ఈ వివాదం స్వరూపం అర్థం కాదు.

రసాయనమూ ఎండా

కార్లలోనూ బైకులలోనూ స్టార్టింగ్ కోసం నేటికీ ఎక్కువగా వాడుతున్న సీసపు ఆమ్ల బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. తొలినాటి కార్లను చేతితో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలోకి వచ్చాక బ్యాటరీ మోటారు వాహనానికి విడదీయరాని అంగమైంది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి, వీటినే సెల్స్ అంటారు. ఒక్కొక్క సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది కనుక నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ధన ఫలకం మీద సీసపు డయాక్సైడు, రుణ ఫలకం మీద స్పాంజిలాంటి సీసం, రెండింటి మధ్య పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. విద్యుత్తును వాడుకునే కొద్దీ రెండు ఫలకాల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, చార్జ్ చేసినప్పుడు అది తిరిగి విడిపోతుంది.

బ్యాటరీ మరణానికి మూలం ఈ సల్ఫేటులోనే ఉంది. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచినా, ప్రతిరోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిపి ఆపేస్తున్నా బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. అలా సగం ఖాళీగా ఉన్న కాలంలో ఫలకాల మీది సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి, తర్వాత ఎంత చార్జ్ చేసినా కరగకుండా మొండికేస్తుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. 2020 మార్చి చివర దేశమంతటా లాక్‌డౌన్ విధించాక అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో వారాలపాటు నిలిచిపోయిన కార్లు ఒక్కసారిగా మొరాయించడానికి కారణం ఇదే: నిలిపి ఉంచడం విశ్రాంతి అనుకుంటారు గాని, బ్యాటరీకి అది నెమ్మదిగా సాగే జబ్బు.

రెండో శత్రువు ఎండ. బ్యాటరీ ఆయుర్దాయాన్ని సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కగడతారు. ఆపైన పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ ఆయుస్సు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఇంజను వేడి కూడా కలిసే బానెట్ కింద పరిస్థితి ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఆ వేడికి ఆమ్లంలోని నీరు ఆవిరవుతుంది, ధన ఫలకపు జాలీ తినివేతకు గురవుతుంది. అయితే వేసవిలో తగిలిన దెబ్బ ఎల్లప్పుడూ వేసవిలోనే బయటపడదు. డిసెంబరు తెల్లవారుజామున చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి, రసాయన చర్య మందగించి, స్టార్టరుకు మామూలు కంటే ఎక్కువ బలం కావలసి వచ్చినప్పుడు బ్యాటరీ ఆ భారం మోయలేక చేతులెత్తేస్తుంది. కారణానికీ లక్షణానికీ మధ్య ఉన్న ఈ నెలల ఎడమే వారంటీ తగాదాలలో పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

నాలుగు అంకెలు

బ్యాటరీ లోపాన్ని నిర్ధారించడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ ఒక మల్టీమీటరుతో తేల్చగలిగే విషయమే. ఇందుకు నాలుగు కొలతలు కావాలి. మొదటిది విశ్రాంతి వోల్టేజి, అంటే బండిని ఆపి కొన్ని గంటలు గడిచాక టెర్మినళ్ల మధ్య కనిపించే అంకె: 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12కు దిగితే అడుగంటుతున్నట్టు. రెండోది స్టార్టింగ్ వోల్టేజి: సెల్ఫ్ కొట్టే ఆ రెండు మూడు క్షణాలలో అంకె 9.6కు దిగువకు జారితే, అప్పటికి బ్యాటరీ నిండుగా ఉన్నదని తేలిన పక్షంలో, దాని బలం తగ్గినట్టే లెక్క. మూడోది చార్జింగ్ వోల్టేజి: ఇంజను నడుస్తుండగా మామూలుగా 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే చాలామంది మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు సరిగా చార్జ్ చేయడం లేదని, బాగా ఎక్కువైతే రెగ్యులేటరు అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తున్నదని అనుమానించాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే అవసరాన్ని బట్టి ఈ వోల్టేజిని మారుస్తుంది కనుక ఒక్క చూపుతో తీర్పు చెప్పకూడదు.

నాలుగోది అందరూ మరచిపోయే దొంగ వాడకం, అంటే కీ తీసేశాక కూడా బండిలోని పరికరాలు చాటుగా లాగే కరెంటు. గడియారం, అలారం, రిమోట్ లాక్ వంటివి కొంత వాడుకోవడం సహజమే. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల వరకు ఫర్వాలేదని భావిస్తారు. దీని ప్రభావాన్ని లెక్కవేసి చూస్తే విషయం తేటపడుతుంది. చిన్న కారులో వాడే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి 50 మిల్లీ ఆంపియర్లు రోజంతా లాగితే 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. సగం బ్యాటరీ ఖాళీ కావడానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో జీపీఎస్ ట్రాకరో డాష్ కెమెరానో తప్పుడు తీగకు కలపడం వల్ల ఆ వాడకం 500 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. ఒకటిన్నర రోజులో సగం ఖాళీ అయి, రెండో రోజు గడిచేసరికి బండి లేవదు. ఇలాంటి బండికి ఎన్ని కొత్త బ్యాటరీలు మార్చినా అదే కథ పునరావృతమవుతుంది. ఈ కొలత తీసేటప్పుడు బండి తాళం వేసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేవరకు, కొన్ని నమూనాలలో అరగంటకు పైగా, వేచి ఉండాలి. తొందరపడితే అంకె తప్పుగా ఎక్కువ కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసినవి మరీ చిన్న విషయాలు: టెర్మినల్ బిగువు, దాని మీద పట్టిన తెల్లటి లేదా పచ్చటి చిలుము, బాడీకి కలిపే ఎర్తింగ్ తీగ. చిలుము పట్టిన టెర్మినల్ వల్ల ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. వేడినీళ్లతో కడిగి, బ్రష్షుతో రుద్ది, బిగించి, పలుచగా వాసలీన్ పూస్తే తీరిపోయే బాధకు కొత్త బ్యాటరీ బిల్లు కట్టిన వాహనదారులు తక్కువేమీ కాదు.

"చెక్ చేశాం, బాగానే ఉంది"

సర్వీస్ కేంద్రాల మీద వచ్చే ఫిర్యాదులన్నిటిలోనూ ఈ వాక్యమే ఎక్కువగా వినిపిస్తుంది. దీన్ని కేవలం నిర్లక్ష్యంగానో మోసంగానో కొట్టిపారేయడం సరికాదు. ఇందులో ఒక పాలు పరీక్షా విధానంలోనే ఉన్న లోపం. ఉదయం ఆరింటికి ఇంట్లో లేవని కారును కేబుల్ తగిలించి స్టార్ట్ చేసి, నగర ట్రాఫిక్‌లో ముప్పావు గంట నడిపి సర్వీస్ కేంద్రానికి తెస్తారు. ఆ ముప్పావు గంటా ఆల్టర్నేటరు బ్యాటరీలోకి కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. చార్జింగ్ ఆగిన వెంటనే ఫలకాల ఉపరితలం మీద తాత్కాలికంగా నిలిచే వోల్టేజిని సర్ఫేస్ చార్జ్ అంటారు; అది అసలు నిల్వను మరుగుపరచి 12.7 లేదా 12.8 వోల్టులు చూపిస్తుంది. టెక్నీషియన్ మీటరు పెట్టి, సెల్ఫ్ కొట్టి చూస్తాడు, బండి వెంటనే లేస్తుంది. అతడు రాసింది ఆ క్షణానికి నిజమే. వాహనదారు చెప్పింది ఉదయానికి నిజమే. రాత్రంతా బండిని అక్కడే ఉంచుకుని, మరునాడు ఉదయం చల్లటి స్థితిలో కొలిస్తే తప్ప ఈ రెండు నిజాలూ ఒకచోట కలవవు.

ఆధునిక సర్వీస్ కేంద్రాలలో వాడే చేతి టెస్టరు గురించి కూడా కొంత తెలిసి ఉండాలి. ఇది బ్యాటరీలోకి స్వల్పమైన సంకేతాన్ని పంపి, దాని అంతర్గత వాహకతను కొలిచి, ఒక చిన్న కాగితపు చీటీ మీద ఫలితాన్ని ముద్రిస్తుంది. పరీక్షకు ముందు బ్యాటరీ రకాన్నీ, దాని మీద ముద్రించిన కోల్డ్ క్రాంకింగ్ సామర్థ్యాన్నీ, అంటే అతిశీతల స్థితిలో అర నిమిషంపాటు అది ఇవ్వగలిగే కరెంటునూ, టెస్టరులో నమోదు చేయాలి. ఆ అంకెను అసలు కంటే తక్కువగా నొక్కితే నీరసించిన బ్యాటరీ కూడా ఆరోగ్యంగా తేలుతుంది, ఎక్కువగా నొక్కితే మంచి బ్యాటరీ కూడా మార్చవలసినదిగా తేలుతుంది. కాబట్టి "టెస్టర్‌లో ఓకే వచ్చింది" అన్న నోటిమాటకు విలువ లేదు. నమోదు చేసిన అంకె, వచ్చిన వోల్టేజి, పరీక్ష జరిగిన సమయం ఉన్న చీటీకే విలువ ఉంది.

మిగిలిన పాలు వ్యవస్థది. వారంటీ కింద చేసే పనికి డీలరుకు డబ్బు చెల్లించేది తయారీ సంస్థ. ఆ చెల్లింపు సాధారణంగా ముందుగా నిర్ణయించిన రేటుకే ఉంటుంది, పంపిన క్లెయిమ్‌ను సంస్థ తిరస్కరిస్తే ఆ భారం డీలరు మీదే పడుతుంది. కనిపించీ కనిపించని విద్యుత్ లోపాన్ని వెతకడానికి నైపుణ్యమున్న టెక్నీషియన్ రోజంతా వెచ్చించినా, చెల్లింపు మాత్రం ఆ శ్రమకు తగినట్టు రాదు. అదే సమయంలో నాలుగు మామూలు సర్వీసులు ముగించవచ్చు. ఈ లెక్క కళ్లముందు ఉన్నప్పుడు, లోపం మళ్లీ కనిపిస్తే తీసుకురమ్మని చెప్పి పంపేయడమే డీలరుకు లాభసాటి. డీలర్ల తరఫు వాదన కూడా వినదగినదే: బయట అడ్డదిడ్డంగా లైట్లూ హారన్లూ బిగించుకుని, ఆ లోపాన్ని కంపెనీ మీద రుద్దే వాహనదారులు నిజంగానే ఉన్నారు. అయితే ఆ వాదన నిలవాలన్నా దొంగ వాడకాన్ని కొలిచి, ఫలానా తీగ వల్ల ఇన్ని మిల్లీ ఆంపియర్లు పోతున్నాయని కాగితం మీద చూపించాలి. అంకె లేని ఆరోపణ ఎవరు చేసినా ఆరోపణే.

వారంటీ: ముగ్గురి మధ్య తిరిగే చక్రం

వారంటీ అంటే నిర్ణీత కాలంలో లోపం బయటపడితే తానే సరిచేస్తానని అమ్మకందారు ఇచ్చే రాతపూర్వకమైన మాట. వాహనాల విషయంలో ఆ మాటలో ఒక సందు ఉంది. చాలా కంపెనీల యజమాని పుస్తకాలలో టైర్లు, బ్యాటరీ వంటి బయటి నుంచి తెచ్చి బిగించిన భాగాలను వాహన వారంటీ నుంచి మినహాయించి, వాటి బాధ్యతను ఆయా తయారీదారులకు అప్పగిస్తారు. దాంతో వాహన డీలరు బ్యాటరీ కంపెనీ డీలరు దగ్గరకు పొమ్మంటాడు. బ్యాటరీ డీలరు పరీక్షించి, లోపం ఆల్టర్నేటరులో ఉందని వాహన డీలరు దగ్గరకు తిప్పి పంపుతాడు. తయారీ సంస్థ హెల్ప్‌లైన్ స్థానిక డీలరును సంప్రదించమంటుంది. ప్రతి ఒక్కరూ తమ గడప దాటించడమే పరిష్కారంగా భావించే ఈ చక్రంలో వాహనదారు పెట్రోలు, సెలవు దినాలు, ఓపిక వరుసగా ఖర్చవుతాయి.

బ్యాటరీ వారంటీ లోపలి లెక్కలు కూడా గమనించదగినవి. 48 నెలల వారంటీ అని పెట్టె మీద రాసి ఉన్నప్పుడు, చాలా పథకాలలో మొదటి కొన్ని నెలలు మాత్రమే ఉచితంగా మారుస్తారు. మిగిలిన కాలానికి ప్రో-రేటా, అంటే గడిచిన నెలలను బట్టి కొత్త బ్యాటరీ ధరలో కొంత శాతం తగ్గింపు, వర్తిస్తుంది. ఆ తగ్గింపును ముద్రిత గరిష్ఠ ధర మీద లెక్కిస్తారు గాని, దుకాణంలో అదే బ్యాటరీ అంతకంటే తక్కువకు దొరుకుతుంది. ముద్రిత ధర 6,000 రూపాయలు, పాతది ఇస్తే బజారు ధర 4,600 అనుకుంటే, 30 శాతం తగ్గింపు తర్వాత వాహనదారు 4,200 చెల్లించాలి. 30 శాతంగా కనిపించిన మేలు నిజానికి 400 రూపాయలే. ఇక ఉచితంగా మార్చి ఇచ్చిన బ్యాటరీకి సాధారణంగా కొత్త వారంటీ మొదలు కాదు, పాతదానిలో మిగిలిన నెలలే కొనసాగుతాయి. కొత్త వాహనంలోని బ్యాటరీ డెలివరీకి ముందు నెలల తరబడి స్టాక్‌యార్డు ఎండలో నిలిచి ఉండవచ్చు. అందుకే డెలివరీ రోజునే బ్యాటరీ మీది తయారీ నెలను చూసి, విశ్రాంతి వోల్టేజిని రాయించుకోవడం తెలివైన పని.

బయటి మెకానిక్ చేయి పడితే వారంటీ పోతుందన్న బెదిరింపు ఈ చర్చలో మరొక అధ్యాయం. విడిభాగాలనూ, మరమ్మతుకు కావలసిన సమాచారాన్నీ, పరికరాలనూ స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై విచారించిన భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల తయారీ సంస్థలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. స్వతంత్ర గ్యారేజీలో పని చేయించుకున్నంత మాత్రాన వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు పెట్టరాదని కూడా ఆదేశించింది. ఆ ఉత్తర్వు తర్వాత అప్పీళ్ల దాకా వెళ్లినా, సూత్రం మాత్రం ప్రజల ముందు నిలిచింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని ఏర్పాటు చేయడం, అదే ఏడాది డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు దానికి సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించడం అదే దారిలో పడిన అడుగులు. అయితే పోర్టల్‌లో సమాచారం ఉంచడం వేరు, కాపలా ఉన్న సర్వీస్ కేంద్రపు గేటు లోపల ఆ సమాచారం పనికిరావడం వేరు.

విద్యుత్ వాహనాలు: కొలత కంపెనీ చేతికి

లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే స్కూటర్లూ కార్లూ వచ్చాక ఈ వివాదం కొత్త మలుపు తిరిగింది. సీసపు బ్యాటరీ పోతే కొన్ని వేల రూపాయలతో పోతుంది. విద్యుత్ వాహనంలో బ్యాటరీ మొత్తం ధరలో పెద్ద వాటా. ఇందులో వందలాది సెల్స్‌ను కలిపి ఒక ప్యాక్‌గా కూర్చి, ప్రతి సమూహపు వోల్టేజినీ వేడినీ గమనిస్తూ, ప్రమాదం అనిపిస్తే సరఫరా ఆపేసే బ్యాటరీ మేనేజ్‌మెంట్ వ్యవస్థను అమరుస్తారు. సెల్స్ వరుసలో అన్నిటికంటే బలహీనమైనదే మొత్తం ప్యాక్ శక్తిని నిర్ణయిస్తుంది. కాలం గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గడం సహజం కనుక, మిగిలిన సామర్థ్యం ఫలానా శాతానికి, తరచుగా 70 శాతానికి, దిగువకు పడితేనే వారంటీ వర్తిస్తుందని కంపెనీలు షరతు పెడతాయి. కార్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్నది విరివిగా కనిపించే హామీ.

చిక్కంతా ఆ శాతాన్ని కొలిచేది ఎవరన్న దగ్గరే ఉంది. సీసపు బ్యాటరీని ఊళ్లోని ఎలక్ట్రీషియన్ మీటరుతో తేల్చగలడు. లిథియం ప్యాక్ ఆరోగ్యం మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. నూరు కిలోమీటర్లు వచ్చే స్కూటరు అరవైకే ఆగిపోతున్నదని యజమాని చెబితే, సామర్థ్యం 82 శాతం ఉన్నదని, నడిపే తీరే కారణమని సర్వీస్ కేంద్రం బదులిస్తుంది; ఆ 82ను సరిచూసే దారి యజమానికి లేదు. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన బ్యాటరీ నియంత్రణ చట్టం ఈ సమస్యను గుర్తించి, బ్యాటరీ ఆరోగ్య సమాచారాన్ని చదువుకునే వీలును చట్టబద్ధంగా కొన్నవారికి ఇవ్వాలని నిర్దేశించింది. 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహన బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టును తప్పనిసరి చేసింది.

విద్యుత్ వాహనానికీ పాత బాధ తప్పలేదన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. విద్యుత్ కార్లలో పెద్ద ప్యాక్‌తో పాటు ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. పెద్ద ప్యాక్‌ను మోటారుకు కలిపే స్విచ్చులు, తలుపు తాళాలు, కంప్యూటర్లు పనిచేసేది దానితోనే. అది డౌన్ అయితే పెద్ద ప్యాక్ నిండుగా ఉన్నా కారు మేల్కొనదు. పది వేల రూపాయల లోపు ఖర్చుతో తీరే ఈ లోపాన్ని ప్యాక్ సమస్యగా పొరబడి వారాల పాటు బండిని నిలిపివేయడం అనుభవం లేని సర్వీస్ కేంద్రాలలో జరగగల పొరపాటు.

భద్రత విషయంలో తెలుగు రాష్ట్రాలు చేదు అనుభవాన్నే చవిచూశాయి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మరణాలు సంభవించాయి. దేశంలో మరికొన్ని చోట్ల కూడా అగ్నిప్రమాదాలు జరిగాక కేంద్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని నియమించి, ఏఐఎస్ 156, ఏఐఎస్ 038 అనే భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక దశగా, 2023 మార్చి చివరి నుంచి మరో దశగా అమలులోకి తెచ్చింది. భద్రతా ప్రమాణాలు బిగిసినంతగా సేవా ప్రమాణాలు బిగియలేదు. 2024 అక్టోబరులో ఒక ప్రముఖ విద్యుత్ స్కూటర్ సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు జారీ చేసింది. దాని వెనుక సుమారు ఒక ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైన్‌కు అందిన 10,644 ఫిర్యాదులున్నాయి. వాటిలో దాదాపు అన్నిటినీ పరిష్కరించామని ఆ సంస్థ బదులిచ్చింది. పరిష్కారం అన్న మాటకు సంస్థ ఇచ్చే అర్థమూ, వాహనదారు ఇచ్చే అర్థమూ ఒకటేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

తిరుపతి సమీపంలోని కరకంబాడిలో దశాబ్దాలుగా బ్యాటరీలు తయారవుతున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియం సెల్స్ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. ఉత్పత్తి ఇంటి గుమ్మం దాకా వచ్చిన ప్రాంతంలో కూడా ఒక చిన్న పట్టణపు వాహనదారు ప్యాక్ పరీక్ష కోసం బండిని ట్రాలీలో ఎక్కించి నగరానికి పంపవలసి వస్తే, కొరత విద్యలో కాదు, సేవలో ఉన్నట్టు.

చట్టం ఇచ్చేది, ఇవ్వనిది

2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ వివాదాలలో ప్రధాన ఆయుధం. చెల్లించిన విలువ 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకు ఫీజు లేదు. పాత చట్టంలో లేని గొప్ప వెసులుబాటు, ఫిర్యాదుదారు తాను నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయగలగడం. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వ్యాపార నిమిత్తం కొన్నవారిని చట్టం వినియోగదారులుగా పరిగణించదు గాని, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారికి మినహాయింపు ఇస్తుంది. అంటే తన ఆటోను తానే నడుపుకునే డ్రైవరు కూడా బ్యాటరీ కోసం కమిషన్ గడప తొక్కవచ్చు. అంతకు ముందు మెట్టుగా 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అది తీర్పు ఇవ్వలేదు గాని, సంస్థ నుంచి రాతపూర్వకమైన జవాబు రాబట్టడానికి పనికి వస్తుంది.

న్యాయస్థానాల తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే వాహనదారు ఆశించదగినదీ ఆశించరానిదీ రెండూ తెలుస్తాయి. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు వారంటీ షరతులు లోపమున్న భాగాన్ని మార్చడానికే వర్తిస్తాయని, వాహనాన్నే మార్చి ఇవ్వమని ఆదేశించడం సరికాదని చెప్పింది. కాబట్టి బ్యాటరీ పోయిందని కొత్త కారు అడిగే ఫిర్యాదు ఆరంభంలోనే బలహీనపడుతుంది. జోస్ ఫిలిప్ మాంపిల్లిల్ కేసులో 2004లో లోపమున్న కారు విషయంలో తయారీదారూ డీలరూ ఇద్దరూ బాధ్యులని కోర్టు తేల్చింది. 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో మాత్రం, డీలరుతో సంబంధం ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల మధ్య ఉన్నదైతే, తెలియకుండా జరిగిన డీలరు తప్పుకు తయారీ సంస్థను బాధ్యురాలిని చేయలేమని చెప్పింది. ఈ మూడింటి సారం ఆచరణలో ఒకటే: ఫిర్యాదులో వాహన తయారీదారునూ డీలరునూ బ్యాటరీ తయారీదారునూ కలిపి ప్రతివాదులుగా చేర్చి, ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయాలి.

చట్టం ఇవ్వలేనిది రుజువు. తయారీ లోపం ఉన్నదని చూపే నిపుణుల నివేదిక లేనందువల్ల వాహన ఫిర్యాదులు వీగిపోవడం కమిషన్లలో తరచుగా కనిపించే పరిణామం. పరీక్ష లేకుండా లోపం తేలదని భావిస్తే వస్తువు నమూనాను సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపి, 45 రోజులలో నివేదిక తెప్పించుకునే అధికారం జిల్లా కమిషన్‌కు 38వ సెక్షన్ ఇస్తుంది. ఫిర్యాదుదారు దాన్ని అడగడం మరచిపోవడమే ఎక్కువ. ఇంకొక పొరపాటు మరీ ఘోరమైనది. విసిగిపోయిన వాహనదారు కొత్త బ్యాటరీ కొనుక్కునేటప్పుడు కొద్దిపాటి ఎక్స్‌ఛేంజ్ తగ్గింపుకు ఆశపడి, పాతదాన్ని దుకాణంలో ఇచ్చేస్తాడు. దానితో కేసులోని ఏకైక భౌతిక సాక్ష్యం సీసం కరిగించే కొలిమికి చేరుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి సేకరణ కేంద్రాలకే చేరాలి, సీసం విషపదార్థం కనుక అది అవసరం కూడా. కాని వివాదం ముగిశాక ఇచ్చినా నియమానికి భంగం లేదు.

సమీక్షలో తేలినది

ఈ అంశంపై వినిపించే వాదనలు స్థూలంగా మూడు. డీలర్లు దురాశాపరులన్నది వాహనదారుల వాదన. వాహనదారులకు వాడకం తెలియదన్నది డీలర్ల వాదన. చట్టాలు చాలవన్నది వినియోగదారుల సంఘాల వాదన. మూడింటిలోనూ కొంత సత్యం ఉన్నా, మూడూ అసలు విషయాన్ని పక్కకు నెడుతున్నాయి. బ్యాటరీ అనేది కొలవగల వస్తువు. కొలిచి రాసిన చోట వివాదం చాలావరకు అక్కడికక్కడే ముగుస్తుంది, రాయని చోట అది ఏళ్ల తరబడి సాగుతుంది. సర్వీస్ కేంద్రం పనిని నమోదు చేసే జాబ్ కార్డు మీద "స్టార్టింగ్ ప్రాబ్లం – చెక్డ్ ఓకే" అని రాయడాన్ని అనుమతిస్తున్నంత కాలం ఎన్ని కమిషన్లున్నా ఫలితం అంతంత మాత్రమే. బ్యాటరీ ఫిర్యాదు వచ్చిన ప్రతి బండికీ కొలత అంకెలనూ పరీక్ష సమయాన్నీ జాబ్ కార్డు మీద రాయడం, విద్యుత్ వాహనమైతే బ్యాటరీ ఆరోగ్య నివేదికను యజమాని చేతికి ఇవ్వడం తప్పనిసరి చేస్తే ప్రభుత్వానికి ఖర్చు లేదు, నిజాయితీ గల డీలరుకు నష్టమూ లేదు.

అటువంటి నియమం వచ్చేవరకు ఆ పని వాహనదారే చేయించుకోవాలి. బండిని రాత్రి అక్కడే ఉంచి ఉదయం కొలవమని రాతపూర్వకంగా అడగాలి. విశ్రాంతి వోల్టేజి, స్టార్టింగ్ వోల్టేజి, చార్జింగ్ వోల్టేజి, దొంగ వాడకం అనే నాలుగు అంకెలూ జాబ్ కార్డులో నమోదయ్యే వరకు దాని మీద సంతకం పెట్టకూడదు. తగవు తేలేవరకు పాత బ్యాటరీని చేయి దాటనివ్వకూడదు.